నిమ్మలంగ నడిచిన పట్నం

మా నాయినకు సైకిల్ సుత లేకుండె. సుల్తాన్‌బజార్ల ఒక గల్లీల రెండర్రల కిరాయి ఇల్లు. మేం నలుగురు పిల్లలం, అమ్మ, నాయిన, మా నాయినమ్మ. రిక్షా మాట్లాడుదామంటే ఏడుగురం ఒక్కదాంట్ల పట్టం, రెండింటికి పైసలిచ్చే తాహతు లేదు. అందుకే ఏడికి పోయినా నడకే. జర ఆ తడి కట్టె మంటల్నుంచి తీసి పక్కన పెట్టు బిడ్డా, పొగంత నా కండ్లల్లకే వస్తున్నది. ఆఁ, ఇగ కూసోండ్రి.

మా నాయిన నడకకు ఒక కానూను పెట్టిండు. అందరికన్న ముందల మా నాయినమ్మ నడవాలె. ఆమె చెయ్యి పట్టుకొని మా చిన్న తమ్ముడు. వాళ్ళిద్దరెంత జోరు నడిస్తె మిగిలినోళ్ళం అంతే జోరు. మా అన్న ఉరుకుదామని చూసేది, నాయిన ఎన్కనుంచి "అరే, పెద్దమనిషిని దాటుతవారా" అని ఒక్క కేక పెట్టేది. నాయిన మాత్రం ఆఖరున నడిచెటోడు, చేతుల మరచెంబు, భుజం మీద రొట్టెల మూట. ఇప్పుడు చూస్తున్న గదా, బాపు ముందల ఫోన్ చూసుకుంట పోతడు, తల్లి ఎన్కల పిల్లను సంకనేసుకొని ఉరుకుతది, ముసలామె ఇంకా సందు మలుపు కాడనే ఉంటది. అట్ల పోతే ఇంటికొచ్చినంక ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

ఇంకో సంగతి. ఉత్తగ నడుద్దాం పాండ్రంటే మా చిన్నోడు గడప దాటకపోయేది. పోయే కాడ ఏదన్న ఉండాలె. పులి ఉండాలె, గడియారం ఉండాలె, తినేతందుకు ఇంత ఏదన్న ఉండాలె. నడకేమో దానంతటదే అయిపోయేది.

నాకు యాదికున్న మొట్టమొదటి నడక బాగేఆంకు. మీరు పబ్లిక్ గార్డెన్స్ అంటరు, నాంపల్లి కాడ. మా ఇంట్లకెల్లి బ్యాంక్ స్ట్రీట్, ట్రూప్ బజార్, ఆబిడ్స్, ఫతేమైదాన్, ఆ తర్వాత బాగేఆం. పెద్దోళ్ళ కాళ్ళకు అరగంట దారి, మా నాయినమ్మ కాళ్ళకు గంట. అప్పట్ల జూ ఆడనే ఉండె. బహదూర్‌పురల నెహ్రూ జూ తెరిచింది 1963ల, అక్టోబర్ నెలల. అంతకు ముందు పులులు, సింహాలన్నీ ఈ బాగేఆంలనే. గేటు దాటకముందే సింహం గర్జించిందనుకో, మా తమ్ముడు నాయినమ్మ కొంగుల దూరేటోడు. జంతువులు కొత్త జూకు పోయినంక బాగేఆం సప్పగ అయితదేమో అనుకున్నం. ఏం కాలే. చెట్లు అట్లనే ఉన్నయి, నీడ అట్లనే ఉన్నది. ఆడనే మ్యూజియం. దాంట్ల ఈజిప్టు నుంచి తెచ్చిన మమ్మీ ఉన్నది, రెండున్నర వేల ఏండ్ల కిందటి ఆడపిల్లదంటరు. మా అన్న అది కాలు కదిలిచ్చింది, నేను చూసిన అని ఒట్టు పెట్టేటోడు. మా నాయినమ్మకు మాత్రం కోపమొచ్చేది. సచ్చిపోయిన పిల్లను మట్టిల పెట్టకుంట ఇట్ల అద్దాల పెట్టెల పెట్టుడేంది, ఆ తల్లి ఏమనుకుంటది అని లోపలికి రాకపోయేది, బయట చెట్టు కింద కూసుండేది.

ఇగో, ఈ నెలల పట్నంల నుమాయిష్ నడుస్తున్నది గదా. అది సుత ముందు బాగేఆంలనే మొదలైంది, 1938ల. ఉస్మానియాల సదువుకున్న పిల్లలు పెట్టిన్రు. 1946 నుంచి ఇప్పుడున్న నాంపల్లి మైదానంల. మా సంక్రాంతి నడక అదే. రాత్రి బువ్వ తిన్నంక పోతుంటిమి. కొనుడు తక్కువ, తిరుగుడు ఎక్కువ. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకుల పిలుస్తుంటె, మా అమ్మ పేరు పేరుకు ఆగి మా నలుగురిని లెక్కబెట్టుకునేది.

ఏం చూస్తున్నవ్ రా, చిలగడదుంప ఉడికిందా అనా? ఇంకా కాలె. బూడిదల ఇంకింత లోపలికి తొయ్యి.

సాలార్‌జంగ్ నడక చెప్త, అది నాకు మస్తు ఇష్టం. మ్యూజియం ముందు దివాన్ దేవిడీల ఉండె, 1951ల నెహ్రూ వచ్చి తెరిచిండు. 1968ల మూసీ ఒడ్డున ఇప్పుడున్న బిల్డింగుకు మారింది. నాకప్పుడు పదిహేనేండ్లు. దాంట్ల ఒక గడియారం ఉన్నది, మీరు చూసిన్రు. గంట కాంగనే చిన్న తలుపు తీసుకొని గడ్డపాయన బయటికొస్తడు, ఎన్ని గంటలైతే అన్ని సార్లు గంట కొట్టి మల్ల లోపలికి పోతడు. దాని ముందల జనం సినిమ చూసినట్టు కూసుంటరు. పది గంటలకు పోతే పది దెబ్బలు, మూడింటికి పోతే మూడే. మా నాయిన లెక్క మనిషి. అంత దూరం నడిచి మూడు దెబ్బలకు ఎందుకు పోవాలె, పన్నెండు గంటలకే పోవాలె అనేటోడు. అందుకని ఎనిమిదిన్నరకే ఇల్లు కదిలేది. పన్నెండింటికి గడియారం ముందుండాలంటే నయాపుల్ మీద ఎప్పుడుండాలె, అఫ్జల్‌గంజ్‌ల ఎంతసేపు ఆగాలె, అన్నీ ఆయన తలకాయల రాసి పెట్టుకునేటోడు.

ఆ దారిల అఫ్జల్‌గంజ్ కాడ ఆగుడు తప్పకపోయేది. ఎందుకంటే ఉస్మానియా దవాఖానల ఒక చింతచెట్టు ఉన్నది. మా నాయినమ్మ దాన్ని చూడకుంట వంతెన ఎక్కకపోయేది. 1908 సెప్టెంబర్ ఆఖర్ల మూసీకి తుఫాను వరద వచ్చింది. ఇండ్లు కొట్టుకుపోయినయి, వంతెనలు పోయినయి, వేలమంది సచ్చిపోయిన్రు. అప్పుడు దవాఖాన ఇట్ల లేదు, ఆడ తోట ఉండె. నీళ్ళొస్తుంటె నూటయాభై మంది దాకా ఆ చింతచెట్టెక్కి పానాలు కాపాడుకున్నరు. మా నాయినమ్మకు అప్పుడు ఎనిమిదేండ్లు. ఆమె చెట్టెక్కలె, వాళ్ళ నాయిన భుజానేసుకొని ఎత్తున్న దిక్కు ఉరికిండట. కానీ చెట్టెక్కి బతికినోళ్ళల్ల వాళ్ళ గల్లీ మనుషులున్నరు. ఆమె ఆ మొద్దు మీద చెయ్యి పెట్టి కొంచెంసేపు నిలవడేది. మేం తొందర పెడితే నాయిన కండ్లతోనే ఆపేటోడు. ఆ చెట్టు ఇంకా ఉన్నది, ఎన్నడన్న దవాఖాన దిక్కు పోతే చూడుండ్రి.

ఆ వరద రాకుంటె గండిపేట లేదు. మల్ల ఇట్ల కావద్దని నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపిచ్చింది. ఆయన చెప్పిన ఉపాయంతోని పట్నానికి పైన రెండు చెర్వులు కట్టిన్రు. ఉస్మాన్‌సాగర్ అంటే మన గండిపేట, 1920ల అయిపోయింది. హిమాయత్‌సాగర్ 1927ల. వరద ఆపినయి, తాగే నీళ్ళు సుత ఇచ్చినయి. గండిపేట నీళ్ళు తాగినోడు పట్నం ఇడిచిపోడు అనేటోళ్ళు పెద్దోళ్ళు. మా తమ్ముడు అమెరికా పోయి ఇరవై ఐదేండ్లాయె, వాడు చిన్నప్పుడు బాయి నీళ్ళు ఎక్కువ తాగిండేమో.

నయాపుల్ మీద నిలవడితే ఒక ఒడ్డున దవాఖాన, ఇంకో ఒడ్డున హైకోర్టు. గుమ్మటాలు చూసుకుంట మా అమ్మ ఒక్కసారన్న "ఎంత మంచిగ కట్టిన్రే" అనేది. వంతెన దిగి ఎడమ దిక్కు మలిగితే గడియారం, సీదా పోతే పత్తర్‌గట్టి, చార్‌కమాన్, గుల్జార్‌హౌజ్, చార్మినార్. రెండూ ఒకే రోజు వద్దనేటోడు నాయిన. చార్మినార్ దిక్కు పోయిన నాడు అమ్మకు లాడ్‌బజార్ల గాజులు, మాకు మక్కా మసీదు ముందల పావురాలు. పెద్ద సంగతేం లేదు, పావురాలకు గింజలేసుకుంట చిన్నోడు గంట కూసుంటడు, అమ్మ బేరం తెగుతది. ఇప్పుడు చార్మినార్ చుట్టూ బండ్లు రాకుంట రాళ్ళు పరిచిన్రు, మంచిపని చేసిన్రు. మా కాలంల ఆ నాలుగు కాళ్ళ చుట్టూ బస్సులు, టాంగాలు, రిక్షాలు తిరుగుతుండె, పిల్లల చేతులు ఇడిస్తె అంతే.

దసర నడక వేరే. దానికి చూసే వస్తువు మనం అనుకున్న కాడ ఉండదు. పాలపిట్ట! కొత్త బట్టలేసుకొని, పొద్దు వంగినంక అందరం ఇంట్లకెల్లి బయలెల్లి ఊరి అంచు దాకా పోయేది. అప్పుడు ఊరి అంచు అంటే అంబర్‌పేట. నవ్వకుండ్రి! అంబర్‌పేట దాటితె మూసీ ఒడ్డున పొలాలు, గడ్డి మళ్ళు. తీగల మీద, గట్ల మీద పాలపిట్ట ఉంటదేమోనని మెడలు పైకెత్తి నడుస్తుంటిమి. కూసున్నప్పుడు అది అంత అందంగ ఏం కనపడదు, మట్టి రంగు మెడ. ఎగిరిందనుకో, అప్పుడు రెక్కల నీలం అంత బయటపడతది. అరే అగో అగో అని గల్లీ గల్లీ ఒక్కసారే అరిచేది. అది కనపడ్డంక జమ్మిచెట్టు కాడికి పోయి, ఆకు తెంపుకొని, బంగారం అని ఒకరి చేతుల ఒకరం పెట్టుకొని, పెద్దోళ్ళ కాళ్ళు మొక్కుడు. తొవ్వల కనపడ్డ ప్రతి ముసలోళ్ళ కాళ్ళు మొక్కేటోళ్ళం, చుట్టం కాకపోయినా సరే.

ఇప్పుడు పాలపిట్టను పంజరంల పెట్టి గుడి ముందలికి తెస్తున్నరు, పది రూపాయలిచ్చి చూడుమంటరు. అది నేరం, అడవి జంతువుల చట్టం 1972ల వచ్చింది. చట్టం లేకపోయినా సరే, రెక్కలిప్పని పాలపిట్టను చూసి ఏం లాభం? ఆ నీలం కోసమే గదా పోయేది. మనం పొలాల దాకా నడిచేది బంద్ చేసినం, దాన్ని పట్టుకొచ్చి మన గడపల పెడుతున్నరు.

నా పెండ్లయి చిక్కడపల్లి వచ్చినంక నా నడకలన్నీ ట్యాంక్‌బండ్ దిక్కు మలిగినయి. మీ తాతకు స్కూటర్ ఉండె, గానీ నలుగురం దాని మీద కూసుంటె నాకు పానం పోయేది. ఆదివారం స్కూటర్ ఇంట్లనే పెట్టిచ్చేదాన్ని. కట్ట ఎంత పాతదో తెల్సా? ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంల, 1560లల్ల కట్టిన్రు, చార్మినార్ కంటే దగ్గర దగ్గర ముప్ఫై ఏండ్ల ముందు. చెర్వుకు కట్ట, జనానికి తొవ్వ. ఒక కొసన హైదరాబాద్, ఇంకో కొసన సికింద్రాబాద్. గాలి ఉన్నది, నీళ్ళున్నయి, చదునుగ ఉన్నది, ఎక్కుడు దిగుడు లేదు. కానీ నీడ లేదు. అందుకే సాయంత్రం ఐదు దాటినంకనే పోవాలె, ఎండల పోయేటోడు ఎడ్డోడు.

కట్ట మొత్తం రెండు కిలోమీటర్ల పైమాటే. మీ నాయిన చిన్నప్పుడు సగం కాడనే కాళ్ళు గుంజుతున్నయని కూలబడేటోడు. ఆ తర్వాత రామారావు ముఖ్యమంత్రిగ ఉన్నప్పుడు కట్ట పొడవునా తెలుగు పెద్దోళ్ళ బొమ్మలు పెట్టిచ్చిండు, ముప్ఫైకి పైనే. మీ తాతకు ఉపాయం దొరికింది. "ఆ ముందల కనపడేటాయన ఎవరో చదివి చెప్పురా" అనేటోడు. వీడు ఉరికి పోయి పోతన్న అని అరిచేది. ఆ తర్వాత బొమ్మ మొల్ల. ఆ తర్వాత ఎవరో. ఒక్కొక్క బొమ్మ కాడ ఆగి ఆయనకు తోచిన కథ చెప్పేటోడు. తానీషా కాడ నిలవడి రామదాసు ముచ్చట, రుద్రమదేవి కాడ నిలవడి ఓరుగల్లు ముచ్చట. మఖ్దూం కాడ మాత్రం మీ తాత శానాసేపు ఆగేటోడు, ఆయన షాయరీ తాతకు నోటికొచ్చు. ఆఖరి బొమ్మ కాడికి వచ్చేసరికి మీ నాయిన నడిచిన సంగతే మర్చిపోయేది. ఇంటికొచ్చినంక పడుకుంటే తెల్లారే లేచుడు.

చెర్వు నడుమ నిలబెట్టిన బుద్ధుని ముచ్చట మీకెర్కనే. భువనగిరి కాడ రాయిగిరి గుట్ట నుంచి తెచ్చిన ఒకే ఒక్క రాయి. 1990 మార్చిల తెప్ప మీద తీసుకపోతుంటె మునిగింది, మనుషులు సచ్చిపోయిన్రు. ఆ తర్వాత రెండేండ్లు, మేం కట్ట మీద నడిచినప్పుడల్ల మీ అత్త రేలింగ్ పట్టుకొని వంగి, బుద్ధుడు ఏ దిక్కున్నడు, కండ్లు తెరిచి ఉన్నడా అని అడిగేది. 1992 డిసెంబర్ ఒకటో తారీకున నిలబెట్టిన్రు. మొన్న 2021ల కొన్ని ఆదివారాలు సాయంత్రం కట్ట మీద బండ్లు ఆపిచ్చి జనాన్ని నడవనిచ్చిన్రు గదా, అప్పుడు పోయిన నేను. రోడ్డు నడిమిట్ల నడుసుకుంట పోయిన, ఏ హారనూ లేదు. నా యాబై ఏండ్ల కసి తీరింది.

గోల్కొండకు పోదాం అంటరు ఎవరొచ్చినా. పిల్లలకు సరే, కింద చప్పట్లు కొడితె పైన బాలాహిసార్ల వినపడతది, వాళ్ళకు అదొక తమాష. కానీ మెట్లు మస్తుగున్నయి, ఎత్తు మెట్లు, నడుమల నీడ లేదు. మోకాళ్ళున్న మనిషి పోవద్దు. నన్నడిగితే ఆడికి కొద్ది దూరంల కుతుబ్‌షాహీల గోరీలున్నయి, ఆడికి పోవాలె. చదును నేల, పెద్ద పెద్ద చెట్లు, కూసునేతందుకు అరుగులు, పాత బావులు సుత మంచిగ చేసిన్రు. పట్నం కట్టిచ్చిన మహమ్మద్ కులీ గోరీ ఆడనే. పిల్లలు ఉరుకుతరు, ముసలోళ్ళు కూసుంటరు, ఎవరి గోల వాళ్ళది. నౌబత్‌పహాడ్ మీద బిర్లా మందిర్ సుత ఎక్కుడే, కానీ పైన తెల్లరాయి చల్లగ ఉంటది, గంటలు కొట్టుడు లేదు, కూసుంటె పానం నిమ్మళిస్తది. కేబీఆర్ పార్కుల నెమళ్ళున్నయి, మంచి జాగ. జనం మాత్రం డాక్టర్ రాసిచ్చిన మందు మింగినట్టు తిరుగుతుంటరు, ఎవరూ ఆగి నెమలిని చూడరు.

కార్తీకంల గండిపేట. అది మాకు ఏడాదికోసారి. బస్సుల పోయి దిగి, కట్ట మీద ఒక కొస నుంచి ఇంకో కొస దిక్కు నడిచి, ఎన్కకొచ్చి, ఉసిరిచెట్టు ఏడుంటె ఆడ సద్దులు ఇప్పేటోళ్ళం. పులిహోర, దద్దోజనం, మక్క గారెలు. తిన్నంక నడువుమంటే ఎవరూ లేవరు, అందుకే ముందు నడక, ఎన్కల తిండి. మీ అమ్మకు సుత చెప్పిన ఈ మాట, వినదు. ఆ దిక్కు పోయేటప్పుడు తొవ్వల ఎన్ని గుండ్లు ఉండెనో! ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, తాకితె పడతయేమో అన్నట్టు. అవి రెండువందల యాభై కోట్ల ఏండ్ల నాటి రాళ్ళంట. మీ తాత బస్సు కిటికీలకెల్లి చూపిచ్చుకుంట ఇది ఏనుగు, ఇది తాబేలు అని పేర్లు పెట్టేటోడు. ఆ ఏనుగు మీద ఇప్పుడు అపార్టుమెంటు ఉన్నది. ఖాజాగూడ దిక్కు, దుర్గంచెర్వు దిక్కు ఇంకా కొన్ని మిగిలినయి. రాళ్ళను కాపాడుతమని ఒక సంఘం పెట్టి, జనాన్ని ఎంటబెట్టుకొని నడిపిస్తున్నోళ్ళు సుత ఉన్నరు పట్నంల. పోండ్రి వాళ్ళతోని ఒకసారి, గుండ్లు ఉన్నప్పుడే.

ఆడోళ్ళకు, ముసలోళ్ళకు నడకంటె ముందు చూసుకోవాల్సింది ఇంకోటున్నది, అది మీ యూట్యూబుల ఎవరూ చెప్పరు. ఒంటేలుకు ఏడికి పోవాలె? మా అమ్మ నడకకు పోయే నాడు చాయ్ తాగకపోయేది, దూపైనా నీళ్ళు ముట్టకపోయేది. బాగేఆం, మ్యూజియం, జూ, ఇవే ఆమెకు ధైర్యమున్న జాగలు. మా నాయిన లెక్కలల్ల ఈ లెక్క లేకుండె. ఆమె ఎన్నడూ ఆయనకు చెప్పలె, నాకు చెప్పింది, అది సుత నా పెండ్లి తర్వాత.

ఇగ ఆ దుంప తియ్యి, మాడుతది. ఆదివారం ఏడికి పోదామని అడిగిన్రు గదా పొద్దుగాల. గడియారం కాడికి పోదాం. ఎంజీబీఎస్ దాకా మెట్రో, ఆడికెల్లి నిమ్మలంగ నడక, మధ్యల చింతచెట్టు కాడ ఒకసారి ఆగుడు. మ్యూజియం శుక్రవారం బంద్, ఆదివారం ఉంటది. పదకొండుంబావుకు వంతెన మీద ఉండాలె, పన్నెండు దెబ్బలు వినాలె. ముందల నేను నడుస్త, నా చెయ్యి బుడ్డది పట్టుకుంటది. రొట్టెల మూట మీ నాయినది. ఏం రా, ముఖం అట్ల పెట్టినవ్? ఫోన్ తెచ్చుకో, నేనొద్దంటలేను, కానీ నా ఎన్కల నడువు.